కాగితం మీద లేని సగం

యెహెజ్కేలు దగ్గర నోటిమాటతో పని చేయించుకుందామని బయల్దేరాడంటే, వాడంత అమాయకుడు నిడదవోలు చుట్టుపక్కల ఇంకోడు ఉండడు. ముప్పై ఏళ్లు కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసిన మనిషి. పొద్దునా సాయంత్రం గేజి దగ్గరికెళ్లి నీటిమట్టం చూడటం, పుస్తకంలో రాయడం, పైవాళ్లు రాసి పంపినంత మేర షట్టర్లు ఎత్తడం, దించడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఎవరైనా రైతు గట్టు మీదికొచ్చి "యెహెజ్కేలూ, ఇంజనీరుగారు నాతో చెప్పారయ్యా, ఓ రెండంగుళాలు లేపు" అన్నాడనుకోండి, ఈయన మర్యాదగా లేచి నిలబడేవాడు. "ఆయ్, తప్పకుండానండి. కాగితం ఇప్పించండి" అనేవాడు. కాగితం లేదంటే మళ్లీ కూర్చునేవాడు. ఎంత పెద్ద కామందు వచ్చి కళ్లెర్రజేసినా కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఈ కాగితం పిచ్చి ఆయనకి పుట్టుకతో రాలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక కామందు పాలేరు పరిగెత్తుకుంటూ వచ్చి, సూపర్‌వైజరుగారు షట్టరెత్తమన్నారని చెబితే, కుర్రతనం కొద్దీ నమ్మి ఎత్తేశాడు. తెల్లారేసరికి దిగువన నలభై ఎకరాల ఊడ్పులు నీట మునిగాయి. విచారణలో ఆ సూపర్‌వైజరు "నేనా? నేనెప్పుడు చెప్పాను? కాగితమేదీ?" అన్నాడు. మూడు నెలలు సస్పెన్షను పడింది. అప్పటికి సంపూర్ణమ్మతో పెళ్లయి ఆర్నెల్లు కాలేదు. ఆ మూడు నెలలూ ఆవిడే చేలో దిగి కూలి చేసి ఇల్లు నడిపింది. నడుం వంచి లేస్తే ఆయాసమొచ్చేది, ఎవరితోనూ అనలేదు.

ఆ కూలిపనే తన పెళ్లాం గుండెని తినేసిందని యెహెజ్కేలు నమ్మకం. కాదయ్యా, చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండెలో కవాటం ముడుచుకుపోయింది, నీ సస్పెన్షనుకీ దానికీ సంబంధం లేదని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా తలూపేవాడే గానీ ఒప్పుకునేవాడు కాదు. ఒక నోటిమాట నమ్మినందుకు ఇంత జరిగిందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడం ఆ దేవుడి తరం కూడా కాదు.

ఈ గుండెతో కానుపు తట్టుకోలేదు, పిల్లలొద్దన్నారు డాక్టర్లు. సరే అన్నారు ఇద్దరూ. నిడదవోల్లో ఒక ముసలి డాక్టరుగారు డిగాక్సిన్ అనే చిన్న తెల్లమాత్ర రాసిచ్చారు. గుండె పరుగు తగ్గించి, కొట్టే దెబ్బ గట్టిగా కొట్టిస్తుందన్నారు. మంచిదే గానీ మొండిది, ఒంట్లో పేరుకుంటే విషమవుతుంది, అందుకని వారానికి ఐదు రోజులే వెయ్యాలి, శని ఆదివారాలు మానెయ్యాలి అన్నారు. అదంతా కాగితం మీద రాసిచ్చారు. యెహెజ్కేలు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బైబిల్లో దాచుకున్నాడు.

"మాకు ఆదివారం కూడా సరిగ్గా సెలవు లేదు గదే, నీ మాత్రకి రెండ్రోజులా? సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగమా ఏంటి దానిది?" అని ఏడిపించేవాడు.

"మరి మీరు దాని దగ్గర బంట్రోతు కదండీ, మీకు తెలీదా" అనేది ఆవిడ.

బంట్రోతనే అనాలి. పదకొండేళ్లు ఆ మాత్ర ఆయన చేత్తో వెయ్యాల్సిందే తప్ప ఆవిడ తనంతట తాను ముట్టుకున్నది లేదు. తుపాను రోజుల్లో లాకుల దగ్గర మోకాలి లోతు నీళ్లలో నిలబడి షట్టరు తిప్పినవాడు కూడా, పొద్దున ఎనిమిదయ్యేసరికి ఇంటికొచ్చి, తడిచేతులు తుడుచుకుని మాత్ర తీసేవాడు. చర్చిలో ఆడవాళ్లు సంపూర్ణమ్మని చూసి మూతులు తిప్పుకునేవాళ్లు. కుళ్లు మరి! వాళ్ల మొగుళ్లు వాళ్లకి జ్వరమొస్తే కాఫీ కూడా కలిపిచ్చే రకాలు కాదు.

తొంభై ఏడో సంవత్సరం జులైలో ఆవిడ గుండె లయ తప్పింది. నాలుగు దెబ్బలు గబగబా కొట్టి, ఒకటి మింగేసి, మళ్లీ పరుగెత్తేది. నిడదవోలు డాక్టరుగారు అంతకు ముందేడే కాలం చేశారు. దాంతో రాజమండ్రిలో ఒక గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ జనం చూస్తే తీర్థంలా ఉన్నారు. డాక్టరు కుర్రవాడు, మంచివాడే, కానీ ఆయనకి ఆ రోజు ఊపిరి పీల్చుకునే తీరికుంటే ఒట్టు. ఈసీజీ తీయించి, అమియోడరోన్ అనే కొత్తమాత్ర రాశాడు. లయ కుదురుతుందన్నాడు. కాగితం మీద కొత్తమాత్ర రాసి, కింద "పాత మందులు వాడాలి" అని ఇంగ్లీషులో ఒక ముక్క రాశాడు. మందుల షాపువాడు ఆ ముక్క చదివి తెలుగులో చెప్పాడు.

మందులు తీసుకుని గుమ్మం దాటుతుంటే నర్సమ్మాయి దుర్గాశ్రీ వెనకాల నుంచి పరిగెత్తుకొచ్చింది. "అయ్యగారూ, డాక్టరుగారు చెప్పమన్నారండి. ఆ పాత చిన్నమాత్ర రేపట్నుంచి సగమే వెయ్యండి" అని, ఇంకెవరో పిలిస్తే లోపలికెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక మర్నాడు యెహెజ్కేలు అరచేతిలో రెండు మాత్రలు పెట్టుకుని నిలబడ్డాడు. పాతది మొత్తం, కొత్తది మొత్తం.

"సగమంది కదండీ ఆ అమ్మాయి" అంది సంపూర్ణమ్మ.

"కాగితం మీదుందా?"

"కాగితం సంగతి నాకేం తెలుసండీ. గుమ్మం దగ్గర చెప్పింది కదా, నేనూ విన్నాను."

"గుమ్మం దగ్గర ఎవరేనా ఏదేనా చెబుతారు. ఇంకెవరికో చెప్పాల్సింది మనకి చెప్పిందేమో! పాత మందులు వాడాలని డాక్టరుగారు సంతకం పెట్టి రాసిచ్చారు. అసలే వారానికి ఐదు రోజులే వేస్తున్నాం, అందులో మళ్లీ సగం చేసి నీ గుండెతో ఆటలాడనా?" ఆయనకి చెయ్యి కొద్దిగా వణికింది. సంపూర్ణమ్మ ఆ చెయ్యి చూసింది. రెండు మాత్రలూ తీసుకుని మింగేసింది.

రెండు వారాలు బాగానే గడిచాయి. లయ కుదిరినట్టే ఉంది. మూడో వారం నుంచి ఆవిడకి అన్నం సయించడం మానేసింది. చింతచిగురు రొయ్యలంటే పడిచచ్చే మనిషి, ఆ వాసనకే పెరట్లోకి పరిగెత్తి డోకుకుంది. ఒళ్లు తూలడం, గుమ్మం పట్టుకుని నిలబడిపోవడం. యెహెజ్కేలుకి తెలిసిన వైద్యం ఒక్కటే, ఒంట్లో బాగాలేనప్పుడు మందు అస్సలు మానకూడదు. వాంతి చేసుకుంటే కాసేపాగి మళ్లీ వేసేవాడు. ఎంత శ్రద్ధండీ బాబూ, ఆ శ్రద్ధ తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక సోమవారం పొద్దున ఆవిడ దండెం మీద ఆరేసిన తెల్లచీర తీసుకొచ్చి, "ఏవండీ, దీనికి పసుపంటిందేంటి?" అంది. చీర మల్లెపువ్వులా ఉంది. ఆయన అదే చెప్పాడు. ఆవిడ కళ్లు నులుముకుంది. గోడకేసిన సున్నం పసుపుగా ఉందంది, గిన్నెలో పాలు పసుపుగా ఉన్నాయంది. ఆఖరికి ఆయన మొహం కేసి చూసి, "మీరూ అలాగే ఉన్నారు" అని భయపడిపోయింది.

పక్కింటి వీరవేణి ఈ మాట విన్న మరుక్షణం తేల్చేసింది. "అయ్యో వదినా, ఇంకా సందేహమేంటి! పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని ఊరికే అన్నారా పెద్దలు? అన్నం సయించట్లేదు, వాంతులు, కళ్లకి పసుపు. కామెర్లే. కొవ్వూరవతల గోదారి గట్టు మీద ఊళ్లో సత్తియ్యగారని ఉన్నారు, ఆయన పసరు వేస్తే మూడు పూటల్లో దిగిపోవాల్సిందే."

ఆ సామెత ఎవరికి తెలీదు? యెహెజ్కేలుకీ తెలుసు, సంపూర్ణమ్మకీ తెలుసు, ఇది చదువుతున్న మీకూ తెలుసు. అందరికీ తెలిసిన మాట కాబట్టి ఎవరూ అనుమానించలేదు. నిజం చెప్పాలంటే యెహెజ్కేలుకి కొంచెం ధైర్యం కూడా వచ్చింది. గుండె జబ్బు కాదు, కామెర్లు. కామెర్లు తగ్గుతాయి. కాకపోతే సత్తియ్యగారు పసరు వేసేది ఆదివారం, గురువారం, అదీ పరగడుపునే. ఆదివారం నిన్ననే వెళ్లిపోయింది. గురువారం దాకా ఆగారు. మంగళవారం మాత్ర వేశాడు. బుధవారం వేశాడు. గురువారం చీకటితోనే, పరగడుపున నీళ్లు మాత్రం తాగితే ఫర్వాలేదని వీరవేణి చెబితే, ఒక గుక్క నీళ్లతో ఆ రోజు మాత్ర కూడా వేసి బస్సెక్కించాడు.

సత్తియ్య పొట్టి మనిషి, మాట కటువు. అరుగు మీద పాతికమంది కూర్చుని ఉన్నారు. సంపూర్ణమ్మ వంతు రాగానే కింది రెప్ప లాగి చూశాడు. నాలిక చాపమన్నాడు. గోళ్లు నొక్కి చూశాడు. మళ్లీ కన్ను లాగాడు. చేతిలో ఉన్న పసరు గిన్నె కింద పెట్టేశాడు.

"ఎవడు చెప్పాడు నీకు కామెర్లని?"

"లోకమంతా పచ్చగా కనబడుతోందండి" అంది ఆవిడ.

"సామెతలో కనబడుద్దమ్మా. ముప్పై ఏళ్ల నుంచి కామెర్ల వాళ్లని చూస్తున్నాను, కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నవాణ్ని కూడా చూశాను. నాకు లోకం పచ్చగా ఉందని ఒక్కడూ చెప్పలేదు. నీ కళ్లు చూస్తే జాజిపువ్వుల్లా ఉన్నాయి, నీకు చూస్తే లోకం పచ్చగా ఉందా?" అని మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. అరుగు మీద వాళ్లు మాటలాపి చూస్తున్నారు. సత్తియ్య మొహం మారిపోయింది.

"ఏమయ్యా, గుండెకేమన్నా ఇంగ్లీషు మందు వాడుతుందా ఈవిడ?"

"ఆయ్, రెండు వాడుతుందండి. ఒకటి పాతది, ఒకటి ఈమధ్యే వేశారు."

"ఇక్కణ్నుంచి అటే పో. ఇంటికెళ్లకు. నాడి ఒకటి కొట్టి రెండోది ఎప్పుడొస్తుందో తెలీట్లేదు. నేను పసరు పోస్తే వాంతులూ విరేచనాలూ అయి ఈవిడ ఈ అరుగు మీదే పోద్ది. ఆ పాపం నాకొద్దు. పో, పో!"

చాలామంది పసరు వైద్యుల్ని తిడతారు. నేనూ తిట్టాను. ఆ రోజు మాత్రం తనకి ఏది తెలీదో తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల సత్తియ్య ఒక్కడే.

కొవ్వూరొచ్చి రాజమండ్రి బస్సెక్కారు. బ్రిడ్జి కింద గోదారి వరద మీదుంది. ఎర్రనీరు, చెట్లూ చేమలూ కొట్టుకొస్తున్నాయి. "ఎంత పసుపుగా ఉందో చూడండీ గోదారి" అని ఆయన భుజం మీద తలవాల్చింది సంపూర్ణమ్మ. బ్రిడ్జి సగం దాటేసరికి పిలిస్తే పలకడం మానేసింది. యెహెజ్కేలు బస్సులో అందరి ముందూ పెద్దగా ఏడ్చాడు. ఎవరో ఆడమనిషి తన సీట్లో ఆవిణ్ని పడుకోబెట్టి పాదాలు రుద్దింది.

ఆస్పత్రిలో ఐసీయూలోకి తీసుకుపోయారు. గుండె నిమిషానికి ముప్పై ఎనిమిదిసార్లు కొడుతోందన్నారు. రక్తం తీశారు, సెలైను పెట్టారు, ఛాతీకి వైర్లు అంటించారు. రెండు గంటల తర్వాత డాక్టరు బయటికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"పెద్దాయనా, ఆ డిగాక్సిన్ ఎంత వేస్తున్నారు?"

"ఒకటండి. శని ఆదివారాలు మాని."

"మొత్తం మాత్రా?"

"మొత్తమేనండి."

డాక్టరు బెంచీ మీద ఆయన పక్కనే కూర్చున్నాడు. నెమ్మదిగా చెప్పాడు. "పాతమాత్ర ఒంట్లోకి వెళ్లి, పని చేసి, రోజూ కొంత మూత్రపిండాల దారిన బయటికి పోతుంది. కొత్తమాత్ర ఏం చేస్తుందంటే, లయని కుదురుస్తుంది గానీ, ఆ పాతదాన్ని బయటికి పోనివ్వదు. అందుకని కొత్తది మొదలుపెట్టిన రోజే పాతది సగం చెయ్యాలి. చెయ్యకపోతే మీరు వేసేది ఒక మాత్రే అయినా, నెలయ్యేసరికి ఒంట్లో రెండింతలు ఉంటుంది. ఆ అన్నం సయించకపోవడం, వాంతులు, పసుపు కనబడటం, అన్నీ దానివల్లే."

ఇది యెహెజ్కేలుకి ఇంకొకసారి చెప్పాల్సిన పని లేకపోయింది. దిగువ షట్టరు దించేసి, పైనుంచి ఎప్పటిలాగే నీరు వదిలితే ఏమవుతుందో ఆయన కన్నా బాగా తెలిసినవాళ్లు ఆ జిల్లాలో ఎవరున్నారు? రోజూ అదే మాత్ర, అదే చెయ్యి, అదే టైము. గట్టు తెగేదాకా వదిలాడు. లాకుల దగ్గర ముప్పై ఏళ్లలో ఒక్క గండి పడనివ్వలేదని గొప్పలు చెప్పుకునేవాడు పాపం.

"కాగితం చూపించండి" అన్నాడు డాక్టరు. యెహెజ్కేలు జేబులోంచి తీసిచ్చాడు. డాక్టరు చదివాడు, రెండోసారి చదివాడు. "సగమని రాయలేదు నేను" అన్నాడు తనలో తాను. తర్వాత తలెత్తి, గుమ్మం దగ్గర నిలబడ్డ నర్సుని చూశాడు. "దుర్గా, నీతో చెప్పి పంపాను కదా. చెప్పావా లేదా?"

"చెప్పానండి. గుమ్మం దగ్గర చెప్పాను సార్. నిజంగా చెప్పానండి."

"చెబితే ఈయన మొత్తం మాత్ర ఎందుకేస్తాడు? పెద్దాయనా, ఈ అమ్మాయి మీతో చెప్పిందా?"

ఇప్పుడు యెహెజ్కేలు ఒక్కమాట అంటే చాలు. నాతో ఎవరూ చెప్పలేదండి, చెప్పుంటే కాగితమేదీ? అంతే. అందరూ నమ్ముతారు. డాక్టరు సగం నమ్మేసే ఉన్నాడు. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది, తన మీదికి మాత్రం ఏమీ రాదు. ఆయన ఆ పిల్ల మొహం చూశాడు. విచారణ గదిలో తను నిలబడ్డప్పుడు అలాగే ఉండి ఉంటాడు.

"చెప్పిందండి" అన్నాడు. "సగమే వెయ్యమని స్పష్టంగా చెప్పింది. నా భార్య కూడా విని, మర్నాడు గుర్తుచేసింది. కాగితం మీద లేదని నేనే వెయ్యలేదు. తప్పు నాదండి."

"రాయకపోవడం నా తప్పు" అని డాక్టరు లేచి లోపలికెళ్లాడు. దుర్గాశ్రీ గోడకానుకుని ఏడుస్తూ నిలబడింది. యెహెజ్కేలుకి ఆ పిల్లని ఓదార్చాలని ఉంది, ఏమని ఓదారుస్తాడు?

సంపూర్ణమ్మ బతికింది. పాతమాత్ర ఆపేసి, ఒంట్లోంచి దిగేదాకా ఎనిమిది రోజులు ఐసీయూలో, మరో వారం వార్డులో ఉంచారు. ఒక పొద్దున లేచి, "ఈ దుప్పటి తెల్లగా ఉంది" అంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కాగితం మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, "డిగాక్సిన్ సగం మాత్ర" అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున యెహెజ్కేలు బ్లేడు పెట్టి మాత్ర సగం చేశాడు. పొడి కూడా రాలకుండా చేశాడు. అరచేతిలో పెట్టుకుని ఆవిడ మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ అనలేకపోయిన మాట అప్పుడన్నాడు. "నువ్వు చెప్పావు సంపూర్ణా. నేనే వినలేదు. నా చేత్తోనే నిన్ను చంపేసేవాణ్ని."

"నాకు తెలుసు కదండీ, రోజూ మొత్తం మాత్రే వేస్తున్నారని. సగమో మొత్తమో నాలిక మీద పడితే తెలీదా?"

"తెలిసీ మింగావా? ఎందుకు మింగావే?"

"మొదటిరోజు మీ చెయ్యి వణికింది. కాదంటే ఇంకా బాధపడతారనిపించింది. రెండో రోజు అలవాటైంది" అని, లేచి కూర్చుని చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి, నేనే వేసుకుంటాను. ఇవాళే కాదు, ఇక మీదట రోజూ నేనే వేసుకుంటాను."

"నా మీద కోపమా?"

"కోపమైతే ఆస్పత్రిలోనే అరిచేదాన్ని."

"నమ్మకం పోయిందా మరి?"

"అది పోతే బాగుండునండి. మీ చేత్తో పెడితే నేను ఏదైనా మింగేస్తాను, నాకదే భయంగా ఉంది."

ఆయన సగం మాత్ర ఆవిడ చేతిలో పెట్టాడు.